లె మాన్ పందెపు తీర్పు

ఫ్రాన్సు దేశమందలి లె మాన్ నగరమున 1966 జూన్ 18, 19 తేదీలలో జరిగిన 24 గంటల మోటారు పందెపు తీర్పుపై అభిమానుల యాగ్రహము నేటికిని చల్లారలేదు. ముందంజలో నున్న కెన్ మైల్స్, ఫోర్డు కంపెనీవారి యానతిచే వేగము తగ్గించి, ఆ కంపెనీదే యైన బ్రూస్ మెక్లారెన్ కారుతో జతగా గమ్యము చేరెను. ఆరంభమున మెక్లారెన్ కారు వెనుకగా నిలిచినందున హెచ్చు దూరము నడచినదని నిర్ణేతలు దానికే విజయ మొసగిరి. రెండు నెలలకు, ఆగస్టు 17న, ఫోర్డు కారును పరీక్షించుచు మైల్స్ మరణించెను. ఆ శోకమే యీ యాగ్రహమునకు ఆయువు పోసినది.

అయినను నిర్ణేతలను దూషించువారితో మే మేకీభవింపజాలము. నియమిత కాలమున నడచిన దూరమే యిట్టి పందెమునకు కొలబద్ద. వారు దానినే పాటించిరి. ప్రకటనకొఱకు పరుగును బొమ్మగా మార్చిన యజమానులదే దోషము. గెలువనున్న వానిని నెమ్మదింపు మన్నవారు తీర్పరులు కారు గదా!