నోటు చెల్లదు, మరి బాకీ?

పోయిన నెల మా దిక్కు పిలగాడొకడు ఫోన్ చేసిండు. డిగ్రీ అయిపోయింది, గ్రూప్స్‌కు చదువుతుండు. వాళ్ల నాయిన ఆస్పత్రి ఖర్చుకని వాడకట్టుల ఒక ఒంటరి ముసలామె దగ్గర నలభై వేలు తెచ్చిండట. ఆమె కైకిలికి పోయి, పత్తి ఏరి కూడవెట్టుకున్న పైసలు. నోటు రాసిచ్చిండ్రు. మూడేండ్లు దాటింది. "అన్నా, నోటు టైం బార్ అయిందంట. కట్టకున్నా ఏంగాదని వకీలు సాబ్ అన్నడు. చట్టంల తప్పు లేనప్పుడు ఇంక తప్పేంది?" అని అడిగిండు.

ఎంటనే జవాబు చెప్పలేకపోయిన. ఇది ఒక్క పిలగాని ప్రశ్న గాదు. చట్టం, మతం, నీతి మూడూ ఒకటే అనుకునేటోళ్లు మనల మస్తుమంది ఉన్నరు.

ముందుగాల చట్టం ముచ్చట. 1963 లిమిటేషన్ చట్టం ప్రకారం నోటు బాకీ మీద మూడేండ్లల్ల దావా వెయ్యాలె. ఏండ్లకేండ్లు పోతె సాక్షులు ఉండరు, కాయితాలు దొరకవు, అందుకే కోర్టు ఒక గడువు పెట్టుకున్నది. అది న్యాయమే. కని చట్టం "బాకీ లేదు" అంటలేదు, "నేను వసూలు చేయించ" అంటున్నది అంతే. గడువు దాటినంక సుత "ఆ పైసలు ఇస్త" అని రాసి సంతకం పెడితె ఆ మాట చెల్లుతదని 1872 కాంట్రాక్ట్ చట్టం 25వ సెక్షన్ చెప్తది. అంటె బాకీ చావలేదని చట్టానికే ఎరుక.

ఇంకో దిక్కు చూడుండ్రి. కట్నం ఇచ్చుడు, తీసుకునుడు రెండూ నేరమేనని 1961 నుంచి చట్టం ఉన్నది. నేను సుత మీటింగులల్ల ఆ చట్టం గురించి మాట్లాడినోన్నే. కని మా చెల్లె పెండ్లప్పుడు నా చేతులతోనే పైసలు లెక్కవెట్టి ఇచ్చిన. పోలీసులు రాలే. పది మంది మెచ్చుకున్నరు, మంచిగ చేసినవన్నరు. ఆ మెచ్చుకోలు ఇయ్యాల్టికీ నా గొంతుల ముల్లు లెక్క ఉన్నది. నేరమని తెల్సినా చేసిన, ఊరంత మెచ్చినా అది తప్పే. నలుగురు ఏమంటరో అదే నీతి అయితె, కట్నమంత నీతి ఇంకోటి లేదు.

మరి మతం? మతం దానం చెయ్యమన్నది, అబద్ధమాడొద్దన్నది, మంచిదే. కని మన పల్లెల్లనే దేవత పేరు మీద దళిత ఆడపిల్లల్ని జోగినిగ ఇడిసిండ్రు. దేవునితోని లగ్గమని చెప్పి, ఆ పిల్ల బతుకును ఊరి పెద్దల పాలు చేసిండ్రు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ల 1988ల దాన్ని చట్టం నిషేధించింది. చేసినోళ్లు మాత్రం ఆచారం నిలవెడుతున్నమనే అనుకున్నరు.

వితంతు పెండ్లి సంగతి సుత గట్లనే. 1856లనే చట్టం ఒప్పుకున్నది. రాజమండ్రిల వీరేశలింగం మొదటి పెండ్లి చేసేసరికి 1881 అయింది. నడుమ 25 ఏండ్లు. చట్టం దారి ఇడిసినా మనుషులు కదలలే. శాస్త్రం ఒప్పుకోదన్న పండితులకు బెంగాల్‌ల ఈశ్వరచంద్ర విద్యాసాగర్ పరాశర స్మృతినే చూపెట్టిండు. వద్దన్నోళ్లకూ శాస్త్రమే దొరికింది, చెయ్యమన్నోళ్లకూ శాస్త్రమే దొరికింది. ఏ మాట పట్టుకోవాలె అని తేల్చింది గ్రంథం గాదు, ఆ పిల్లల గోస చూసిన మనసు.

నేను నీతి అనేది దాన్నే. చట్టానికి వెనుక పోలీసు, కోర్టు ఉంటయి. మతానికి పాపం, పుణ్యం, కుల కట్టుబాటు ఉంటయి. నీతికి వెనుక ఎవరూ ఉండరు. నా పనితోని నష్టం ఎవరికి? ఆ మనిషి జాగల నేనుంటె ఒప్పుకుందునా? ఈ రెండు ప్రశ్నలే ఉంటయి. చట్టాన్నీ, ఆచారాన్నీ సుత ఈ ప్రశ్నలతోనే జోకాలె. గట్ల జోకినోళ్లు ఉన్నందుకే పాత చట్టాలు పోయి కొత్తయి వచ్చినయి.

ఇదంత నేను ఆ పిలగానికి చెప్పలే. ఒక్కటే అడిగిన: "ఆమె ఎదురువడితె ఏం జేస్తవ్‌రా?" జరసేపు సప్పుడు లేదు. "పక్క సందుల నుంచి పోతున్న అన్నా" అన్నడు.

"నోటు చెల్లకపోతె సందు ఎందుకు మారుస్తున్నవ్?"

నెలకు రెండు వేలు కడితె ఇరవై నెలలల్ల అసలు తీరుతదని వాడే లెక్క చెప్పిండు. మిత్తి సంగతి ఆమెతోనే కూసొని మాట్లాడుకొమ్మన్న. కొత్త కాయితం రాసి సంతకం పెట్టి ఇయ్యమని సుత చెప్పిన, రేపు మనసు మారితె ఆమెకు ఆధారం ఉండాలె గద.

తమ్మీ, చెల్లే, మీరు సుత ఎవర్ని చూసి సందు మారుస్తున్నరో ఒక్కపారి యాది చేసుకోండ్రి.