ఆ గడిలో ‘నిల్’ అని రాయకండి: పెద్ద జబ్బు దాటిన పసిపిల్లలూ, వాళ్ళ మాటలూ



మన అడ్మిషన్ ఫారంలో ఒక చిన్న గడి ఉంటుంది. బిడ్డకు ఇంతకు ముందు పెద్ద జబ్బు ఏదైనా చేసిందా, ఆస్పత్రిలో చేర్చారా అని అందులో అడుగుతాం. నర్సరీ ఫారాలు సర్దేటప్పుడు చూస్తుంటాను, దాదాపు అందరూ అక్కడ ‘నిల్’ అనే రాస్తారు. చాలామంది విషయంలో అది నిజమే. కొందరి విషయంలో మాత్రం రెండు మూడు నెలలు గడిచాక, పీటీఎం అయిపోయి అందరూ వెళ్ళిపోయాక, అమ్మ ఒక్కరే వెనక్కి వచ్చి “మేడమ్, మీకొక మాట చెప్పాలి” అంటారు. ఐదో నెలలో జ్వరం, ఫిట్స్, పన్నెండు రోజులు ఐసీయూ. సీటు ఇవ్వరేమోనని ఫారంలో రాయలేదు.

ఆ భయం నాకు అర్థమవుతుంది. కానీ ఆ రెండు మూడు నెలలు మేం ఆ బాబుని ‘చెప్పిన మాట వినని పిల్లాడు’ అనుకుంటూ ఉంటాం. నేను కూడా అలా అనుకున్నదాన్నే. రైమ్స్ చెబుతుంటే అటు చూడడు, వెనక నుంచి పేరు పెట్టి పిలిస్తే తిరగడు, పక్క పిల్లల్ని చూసి ఒక క్షణం ఆలస్యంగా లేచి నిలబడతాడు. ఆ క్షణం ఆలస్యం ఎందుకో నేను ముందే పట్టుకోవాల్సింది. నాయనమ్మ గారు మాత్రం ధీమాగా, “వీళ్ళ నాయన గూడ నాలుగేండ్లకు మాట్లాడిండు మేడమ్, వీడూ అంతే” అనేవారు. వినికిడి పరీక్ష చేయిస్తే రెండు చెవుల్లోనూ లోపం ఉందని తేలింది. నాన్న గారికి నాలుగేళ్ళకు మాటలు రావడం నిజమే కావచ్చు. దానికీ దీనికీ సంబంధం లేదు.

అందుకే ఈ నెల ఈ వ్యాసం. నేను డాక్టర్ని కాను, టీచర్ని. వైద్యం గురించి డాక్టర్లే చెప్పాలి. అయితే జబ్బు తగ్గిన తర్వాత ఏం గమనించాలో, ఎక్కడికి వెళ్ళాలో, ఇంట్లో ఎలా మాట్లాడాలో చాలా ఇళ్ళలో ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు. ప్రాణం దక్కిందన్న సంతోషంలో ఫైలు బీరువాలోకి వెళ్ళిపోతుంది.

మొదట మెనింజైటిస్ సంగతి. మెదడు చుట్టూ ఉండే పొరలకు ఇన్ఫెక్షన్ వచ్చి వాచడం ఇది. ఇళ్ళలో దీన్ని మెదడువాపు అనో, మెదడు జ్వరం అనో అంటారు. వైరస్ వల్ల వచ్చే రకం చాలామంది పిల్లల్లో పూర్తిగా తగ్గిపోతుంది. బ్యాక్టీరియా వల్ల వచ్చేది ప్రమాదకరం. దాన్నుంచి బయటపడిన పిల్లల్లో సుమారు పదిమందిలో ఒకరికి ఎంతో కొంత వినికిడి లోపం మిగులుతుంది. లోపలి చెవికీ మెదడు చుట్టూ ఉండే ద్రవానికీ మధ్య సన్నని దారి ఉంటుంది, ఇన్ఫెక్షన్ ఆ దారిలో చెవిలోకి చేరుతుంది. ఇక్కడ ఒక్క విషయం దయచేసి గుర్తుపెట్టుకోండి. నత్తగుల్ల ఆకారంలో ఉండే కాక్లియా, ఇన్ఫెక్షన్ తర్వాత కొందరిలో లోపల ఎముకలా గట్టిపడటం మొదలవుతుంది. ఒక్కోసారి కొన్ని వారాల్లోనే. అది గట్టిపడితే ఆ తర్వాత కాక్లియర్ ఇంప్లాంట్ అవసరమైనా, దాని తీగను లోపలికి పంపడం కష్టమవుతుంది. అందుకే డిశ్చార్జ్ అయ్యే లోపు, లేదా అయిన నాలుగు వారాల్లోపు వినికిడి పరీక్ష చేయించాలంటారు. ‘కాస్త పెద్దయ్యాక చూద్దాం’ అనే మాట ఈ జబ్బు విషయంలో పనికిరాదు.

మెనింజైటిస్ ఒక్కటే కాదు. పుట్టిన మొదటి వారంలో పసిరికలు బాగా ముదిరి రక్తం మార్చాల్సి వచ్చిన పిల్లలు, నెలలు నిండకుండా పుట్టి ఎన్ఐసీయూలో ఉన్నవాళ్ళు, పుట్టగానే ఏడవని వాళ్ళు, జెంటామైసిన్ లాంటి యాంటీబయాటిక్స్ ఎక్కువ రోజులు వాడాల్సి వచ్చిన వాళ్ళు, వీళ్ళందరికీ ఈ పరీక్ష అవసరమే.

“పుట్టినప్పుడే చెవి పరీక్ష చేశారు మేడమ్, పాస్ అని రాశారు” అని ఒక నాన్న గారు కాగితం చూపించారు. పుట్టిన రెండో రోజు చేసిన పరీక్ష ఐదో నెలలో వచ్చిన జబ్బు గురించి ఏం చెబుతుంది? జబ్బు తర్వాత మళ్ళీ చేయించాల్సిందే. పరీక్షలు ముఖ్యంగా రెండు. ఓఏఈ అనేది చెవిలో చిన్న గొట్టం పెట్టి కొద్ది నిమిషాల్లో చేసేది, లోపలి చెవి పనిచేస్తోందా అని చూస్తుంది. బెరా అనేది తలకు స్టిక్కర్లలాంటివి అంటించి, బిడ్డ నిద్రపోతుండగా చేసేది, శబ్దం నరం గుండా మెదడు దాకా చేరుతోందా అని చూస్తుంది. పసిరికలు బాగా ముదిరిన పిల్లల్లో కొందరికి చెవి బాగానే ఉండి నరం దగ్గర తేడా ఉంటుంది. అప్పుడు ఓఏఈ పాస్ అవుతుంది, బెరాలో మాత్రం లోపం బయటపడుతుంది. కాబట్టి ఒక్క ఓఏఈతో తృప్తి పడకుండా “బెరా కూడా అవసరమా?” అని డాక్టర్ని అడగండి. బెరాకి బిడ్డ నిద్రపోవాలి, కనుక ఉదయం తొందరగా లేపి, దారిలో ఆటోలో నిద్రపోనివ్వకుండా తీసుకెళ్ళండి. చిన్న సలహానే, కానీ బిడ్డ నిద్రపోక పరీక్ష వాయిదా పడి రెండోసారి వెళ్ళినవాళ్ళు నాకు తెలుసు.

ఇంట్లో మనం చేసే ‘పరీక్షలు’ మాత్రం నమ్మొద్దు. తలుపు గట్టిగా వేస్తే తిరుగుతాడు, పళ్ళెం కింద పడితే ఉలిక్కిపడతాడు, కాబట్టి వినబడుతోంది అనుకుంటాం. నాంపల్లి స్టేషన్ దగ్గర ఉండేవాళ్ళు రైలు కూత వింటే కిటికీ దగ్గరికి పరిగెత్తుతాడంటారు. తలుపు అదురు కాళ్ళకు తెలుస్తుంది, నీడ కంటికి కనబడుతుంది, రైలు వస్తే నేల కూడా చెబుతుంది. పెద్ద శబ్దం వినబడినా ‘స’, ‘ఫ’, ‘చ’ లాంటి సన్నని ధ్వనులు వినబడకపోవచ్చు. అలాంటి బిడ్డకు మన మాటలు గోడ అవతల నుంచి వచ్చే మాటల్లా ఉంటాయి. ఎవరో మాట్లాడుతున్నారని తెలుస్తుంది, ఏమంటున్నారో తెలియదు.

మరి మాట ఏ వయసుకు ఎలా రావాలి? రెండు మూడు నెలలకు ‘ఉంగా’లు మొదలవుతాయి. వినబడని పిల్లలు కూడా మొదట్లో ఈ ఊసులు ఆడతారు, అందుకే అప్పుడు మనకు అనుమానం రాదు. తేడా ఆ తర్వాత తెలుస్తుంది. ఆరు నుంచి పది నెలల మధ్య ‘బబబ’, ‘తతత’, ‘దదద’ అని వరసగా పలకాలి. తన గొంతు తనకు వినబడని బిడ్డలో ఇది ఆలస్యమవుతుంది, లేదా అసలు రాదు. ఏడాది దగ్గర్లో ‘అమ్మ’, ‘తాత’, ‘అత్త’ లాంటి ఒకటి రెండు మాటలు అర్థంతో రావాలి. ఏడాదిన్నరకి కనీసం కొన్ని మాటలు, చూపుడు వేలితో అడగడం ఉండాలి. రెండేళ్ళకు సుమారు 50 మాటలు, ‘అమ్మ దా’, ‘బువ్వ వద్దు’ అని రెండు మాటలు కలపడం. మూడేళ్ళకు బయటివాళ్ళకు కూడా చాలావరకు అర్థమయ్యేలా మాట్లాడాలి. వీటిలో కొన్ని వారాలు అటూ ఇటూ అయితే కంగారు పడక్కర్లేదు. కానీ వచ్చిన మాటలు పోవడం, పేరు పిలిస్తే పలకకపోవడం, వేలితో చూపించకపోవడం, వీటికి ఏ వయసులోనైనా డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి. చెవులు బాగుండి కూడా పిలుపుకు పలకని పిల్లలు ఉంటారు. దానికి వేరే కారణాలుంటాయి, అవీ తొందరగా తెలియడమే మంచిది.

వచ్చిన మాటలు పోవడం గురించి ఒక పాత ఉదాహరణ. 1880లో పుట్టిన హెలెన్ కెల్లర్‌కు 19 నెలల వయసులో పెద్ద జబ్బు చేసి చూపు, వినికిడి రెండూ పోయాయి. అప్పటికే నేర్చిన మాటల్లో ‘నీళ్ళు’ అనే అర్థంలో ఆమె పలికే ‘వావా’ ఒక్కటే మిగిలింది. వినబడకపోతే నేర్చిన మాట కూడా నిలవదు. ఆమె పసితనంలో ఇప్పటిలాంటి చెవి మిషన్లు లేవు, ఇప్పుడున్నాయి.

నడక, కూర్చోవడం గురించి ఎక్కువ రాయను. ఐసీయూ నుంచి వచ్చిన బిడ్డ, అంతకు ముందు బోర్లా పడుతూ ఉండి కూడా, కొన్నాళ్ళు మళ్ళీ మెడ నిలపలేకపోవచ్చు. చాలామందికి వారాల్లో తిరిగి వస్తుంది. ఒకవైపు చెయ్యే వాడటం, కాళ్ళు బిగుసుకుని ఉండటం కనిపిస్తే మాత్రం ఫిజియోథెరపీ ఆలస్యం చేయొద్దు. వయసు లెక్కలో ఒక మెలిక ఉంది. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు, ఎన్ని వారాలు ముందు పుట్టారో అంత తగ్గించి, రెండేళ్ళ దాకా వయసు లెక్కిస్తారు. ఆస్పత్రిలో గడిపిన రోజులను అలా తగ్గించే లెక్క లేదు. “నెల రోజులు ఆస్పత్రిలో ఉన్నాడు కదా, అందుకే వెనకబడ్డాడు” అని సరిపెట్టుకోవద్దు.

ఇక ఎక్కడికి వెళ్ళాలి? ఈ విషయంలో అబిడ్స్, నాంపల్లి వాళ్ళు అదృష్టవంతులు. రెడ్‌హిల్స్‌లో నీలోఫర్ ఆస్పత్రి మనకు ఆటో దూరమే. మొజంజాహీ మార్కెట్‌లో ఐస్‌క్రీమ్ తిన్న ప్రతి బిడ్డకూ ఈ కథ చెప్పొచ్చు. ఆ మార్కెట్ ఏ రాకుమారుడి పేరు మీద ఉందో, ఆ మొజంజా భార్యే నీలోఫర్. 1949లో తన పరిచారిక కాన్పులో చనిపోయినప్పుడు, ఇంకెవరికీ ఇలా జరగకూడదని ఆమె పట్టుబట్టడం వల్ల ఈ ఆస్పత్రి మొదలైంది. 1953 నుంచి పిల్లలకు వైద్యం అందుతోంది. వినికిడి పరీక్షలకు కోఠిలోని ప్రభుత్వ ఈఎన్‌టీ ఆస్పత్రి ఉంది. బోయిన్‌పల్లి దగ్గర మనోవికాస్ నగర్‌లో రెండు జాతీయ సంస్థలు పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి మన హైదరాబాదీ అలీ యావర్ జంగ్ పేరు మీద ఉన్న వాక్ శ్రవణ సంస్థ ప్రాంతీయ కేంద్రం, రెండోది 1984లో మొదలైన మేధో వైకల్య సంస్థ. ఎదుగుదలలో ఏ అనుమానమున్నా అక్కడ చూస్తారు. చెవి మిషన్‌తో లాభం లేనంత లోపముంటే కాక్లియర్ ఇంప్లాంట్ గురించి చెబుతారు. దానికి ఆరోగ్యశ్రీ, కేంద్రం వారి ఏడిప్ పథకం ఉన్నాయి, రెండింటికీ వయసు పరిమితి ఉంటుంది. ఇది కూడా తొందరపడటానికి ఒక కారణం.

ప్రైవేటు స్కూల్ తల్లిదండ్రులకు ప్రత్యేకంగా ఒక మాట. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీ పిల్లల్ని ఏడాదికి రెండుసార్లు, ప్రభుత్వ బడి పిల్లల్ని ఏడాదికి ఒకసారి పరీక్షిస్తారు. మన పిల్లలు ఆ రెండు చోట్లా ఉండరు. మనం ఫీజు కట్టే బడిలో ఉన్నామన్న మాటే గానీ, ఆ పరీక్ష మనంతట మనమే చేయించుకోవాలి.

టీకాలు ఆపొద్దు. హిబ్ అనే బ్యాక్టీరియా నుంచి కాపాడే పెంటావాలెంట్ 6, 10, 14 వారాలకు, న్యుమోకోకల్ టీకా 6, 14 వారాలకు, తర్వాత 9 నెలలకు ఉచితంగా వేస్తారు. న్యుమోకోకల్ టీకాను దేశమంతటికీ 2021లో విస్తరించారు. బిడ్డకు ఒకసారి మెనింజైటిస్ వచ్చిపోయినా మిగిలిన డోసులు ఎప్పుడు వేయాలో డాక్టర్ని అడిగి పూర్తి చేయించండి. చిన్న తమ్ముడో చెల్లెలో ఉంటే వాళ్ళ కార్డు కూడా ఒకసారి చూసుకోండి.

ఇప్పుడు ఇంట్లో ఏ భాష అనే ప్రశ్న. ఇంగ్లిష్ మీడియం టీచర్‌ని కాబట్టి నన్ను అందరూ ఇదే అడుగుతారు. “మాటలు లేటయ్యాయి కదా మేడమ్, తెలుగు మానేసి ఇంగ్లిష్ ఒక్కటే మాట్లాడమంటారా?” వద్దు. మీకు కోపమొచ్చినప్పుడు, ముద్దొచ్చినప్పుడు ఏ భాష నోటికొస్తుందో దాంట్లోనే మాట్లాడండి. మాటలు రావడం రెండు భాషల వల్ల ఆలస్యం కాదు. మన వీధుల్లో పిల్లలు ఇంట్లో తెలుగు, మెట్ల దగ్గర ఉర్దూ, షాపులో హిందీ లేదా మార్వాడీ వింటూ పెరుగుతారు. మాటలు లెక్కపెట్టేటప్పుడు అన్ని భాషలవీ కలిపి లెక్కపెట్టండి. ‘నీళ్ళు’, ‘పానీ’ రెండూ అంటే అవి రెండు మాటలే. “టీచర్ గారూ, ఇంగ్లిష్‌లో ఎనిమిదే వచ్చు” అన్న ఒక అమ్మతో కూర్చుని లెక్కపెడితే మూడు భాషల్లో కలిపి ముప్పై దాటాయి.

మాట్లాడేటప్పుడు ఎదురుగా, బిడ్డ ఎత్తుకు కూర్చోండి. టీవీ కట్టేయండి, చెవి మిషన్ ఉన్న బిడ్డకు టీవీ చప్పుడు మీ మాటను మింగేస్తుంది. బిడ్డ దేన్ని చూస్తుంటే దాని గురించే మాట్లాడండి. ‘కారు’ అంటే ‘అవును, ఎర్ర కారు పోతోంది’ అని ఒక మాట కలిపి తిరిగి ఇవ్వండి. ఆ తర్వాత ఆగండి. మనం ఆగం, అదే మన సమస్య. మనసులో ఐదు అంకెలు లెక్కపెట్టేంత సేపు ఎదురుచూస్తే చాలామంది పిల్లలు ఏదో ఒకటి పలుకుతారు. “చెప్తేనే ఇస్తా” అని బిస్కెట్ పైకెత్తి పట్టుకోవద్దు, మాట పరీక్షలా మారితే పిల్లలు నోరు మూసుకుంటారు. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద బొమ్మల పుస్తకాలు తక్కువ ధరకే దొరుకుతాయి. భాష ఏదైనా పర్వాలేదు, బొమ్మ చూపించి మీ మాటల్లో చెప్పండి.

క్లాసులో మేం చేయగలిగేవి చిన్నవే. ముందు బెంచీ, ఫ్యాన్‌కూ కిటికీకీ దూరంగా. బోర్డు వైపు తిరిగి మాట్లాడకుండా, పిల్లల వైపు తిరిగి మాట్లాడటం. పేరు పిలిచే ముందు భుజం మీద చెయ్యి వేయడం. నేను మొదట రాసిన బాబుకు చెవి మిషన్లు వచ్చిన వారం అతను ఒకటే పని చేశాడు, క్లాసులో పెన్సిల్ డబ్బా మూత తీసి మూసి, తీసి మూసి ఆ చప్పుడు వింటూ కూర్చున్నాడు. ఆ రోజు నేను ఆపలేదు. మాటలు వెంటనే రాలేదు, స్పీచ్ థెరపీకి వారం వారం వెళ్ళాక మెల్లగా వస్తున్నాయి. ఇప్పుడు యూకేజీలో ఉన్నాడు, కొన్ని అక్షరాలు ఇంకా మింగేస్తాడు, గొడవ మాత్రం బాగా పెట్టుకుంటాడు.

ఫారంలో ‘నిల్’ అని రాసినవాళ్ళు ఆఫీసులో అడిగి మార్చుకోవచ్చు, దానికి ఎవరినీ ఏమీ అనరు. క్లాస్ టీచర్‌తో విడిగా చెప్పాలనుకుంటే డైరీలో ‘కలవాలి’ అని ఒక్క ముక్క రాయండి, కారణం రాయనక్కర్లేదు. వచ్చేటప్పుడు డిశ్చార్జ్ సమ్మరీ, వినికిడి పరీక్ష రిపోర్టు జిరాక్స్ కాపీలు తెస్తే చాలు. ఒరిజినల్స్ ఇంట్లోనే ఉంచుకోండి, ఆస్పత్రిలో మళ్ళీ అడుగుతారు.