శ్యావదంతము – కట్టంగూరు సీమ ఆహారజలములు

సుశ్రుతుడు నిదానస్థానమున ముఖరోగములను వివరించుచు దంతగతవ్యాధులు ఎనిమిదింటిని పేర్కొనెను. వానిలో క్రిమిదంతమును, శ్యావదంతమును లోకము తరచు ఒకటిగా భ్రమించును. రెంటను నలుపు కలదు గాని, మొదటిది పుచ్చిన పన్ను, రెండవది రంగు మారిన పన్ను.

నల్లగొండ జిల్లా కట్టంగూరు సీమలో పలువురి పలువరుసపై కనబడు సున్నపుచారలు, గోధుమరంగు మచ్చలు ఈ విచారమునకు తగిన తావు. అచ్చటి గ్రానైటు శిలలనుండి ఫ్లోరైడు కరగి బావులలో, బోర్లలో చేరును. లీటరునకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీరు త్రాగరాదు. బాల్యమున, ఇంచుమించు ఎనిమిదేండ్లలోపల, చిగురులో దంతము రూపుదిద్దుకొను వేళనే ఆ విషము పైపూతను చెరచును. మొలచిన పిదప వేపపుల్లతో ఎంత తోమినను ఆ మచ్చ పోదు. అట్టి బాలుని పండ్లు తోమలేదని బడిలో మందలించుట అన్యాయము.

ఇదియే శ్యావదంతమని కొందరందురు. పిత్తదుష్టమైన రక్తమును సుశ్రుతుడు దానికి హేతువుగ చెప్పెను గనుక రూపసామ్యముచే ఏకత్వము నిర్ణయించుట తొందరపాటు. సూత్రస్థానమున భూమినిబట్టి జలగుణము మారునన్న మాటయే ఇచటికి చేరువ. నీటిని తేర్చుటకు అందే కతకబీజము, అనగా ఇండుపగింజ, చెప్పబడినది. కాని ఫ్లోరైడు తేటనీటనే దాగియుండును. అందుచేతనే 1970 దశకమున నాగపూరు జాతీయ పర్యావరణ సంస్థ పటిక, సున్నము, బ్లీచింగు పౌడరులతో ఒక శుద్ధివిధానమును రూపొందించెను. దానికి నల్లగొండ పేరే నిలిచినది.

ఇక ఆహారము. ఈ సీమవారికి జొన్నగటక, జొన్నరొట్టె తరతరముల తిండి. వరియన్నము తినువారికంటె జొన్న తినువారి దేహమున ఫ్లోరైడు హెచ్చుగ నిలుచునని హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు 1977లో చూపిరి. అంతమాత్రమున జొన్నను నిందింపరాదు. దోషమునకు మూలము నీరే, ధాన్యము దాని పాలును పెంచునంతే. పాలు, మజ్జిగ, తైదలు మొదలగు సున్నపుధాతువు గల పదార్థములు లోపించినచో బాధ అధికమగును. చింతపండు తిన్న బాలుర మూత్రమున ఫ్లోరైడు ఎక్కువగ వెడలెనని ఆ సంస్థవారే 2002లో ప్రకటించిరి. నిత్యము చింతపులుసు కాచు ఇండ్లకు ఇది సంతోషకరమైన వార్తయే.

క్రిమిదంతపు దారి వేరు. బెల్లము, చక్కెర, మిఠాయి పంటికంటి నిలుచుటచే సూక్ష్మక్రిములు ఆమ్లమును పుట్టించి పంటిని తొలుచును. అచట నోరు కడుగుట నిజముగ ఫలించును.

2016లో ఆరంభమైన మిషన్ భగీరథ పథకమున శుద్ధిచేసిన నీరు గొట్టములద్వారా ఊళ్ళకు చేరినది. ఆ నీరు రాకమునుపు దంతములు ఏర్పడినవారి మచ్చలు మాత్రము నేటికిని అట్లే యున్నవి.