ఒప్పుకున్నాడు కదా అంటే సరిపోతుందా?

బేకరీ పనివాళ్ల చేత రోజుకు 10 గంటలు, వారానికి 60 గంటలు మించి పని చేయించకూడదని న్యూయార్క్ రాష్ట్రం 1895లో చట్టం చేసింది. అప్పట్లో చాలా బేకరీలు నేలమాళిగల్లో ఉండేవి. ఒకపక్క భట్టీ వేడి, ఒకపక్క పిండి దుమ్ము, గాలి ఆడని గది. ఈ చట్టాన్ని మీరినందుకు యుటికా పట్టణంలో జోసెఫ్ లోక్నర్ అనే యజమానికి 50 డాలర్ల జరిమానా పడింది. ఆయన అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లి 1905లో 5–4 తేడాతో గెలిచాడు. ఎన్ని గంటలు పని అన్నది యజమానీ పనివాడూ మాట్లాడుకునే విషయమని, అది వాళ్ల స్వేచ్ఛ అని మెజారిటీ జడ్జీలు అన్నారు. ‘ఇక నావల్ల కాదు’ అన్నవాడి పని ఊడిపోయే చోట ఆ స్వేచ్ఛ యజమానిదే.

లోక్నర్ తరఫున వాదించిన హెన్రీ వైస్‌మన్ ఒకప్పుడు బేకరీ కార్మిక సంఘం నాయకుడు! ఆ చట్టం కోసం పట్టుబట్టినవాళ్లలో ఆయనే ముందున్నాడు. తర్వాత సొంతంగా బేకరీ పెట్టి, న్యాయశాస్త్రం చదివి, అవతలి పక్షం చేరాడు.

విచిత్రమేమిటంటే, లోక్నర్ తీర్పుకు ఏడేళ్ల ముందు, 1898లో, యూటా గని కార్మికుల 8 గంటల చట్టాన్ని ఇదే కోర్టు నిలబెట్టింది.

ఒరెగాన్ లాండ్రీల్లో ఆడవాళ్లకు 10 గంటల పరిమితి పెట్టిన చట్టం మీద 1908లో అదే కోర్టులో విచారణ జరిగింది. చట్టం పక్షాన లాయరు లూయీ బ్రాండైస్ వేసిన వాదన పత్రం 113 పేజీలు. అందులో న్యాయపరమైన వాదన రెండు పేజీలే, మిగతావన్నీ చాలావరకు డాక్టర్ల, ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టర్ల నివేదికలు. చట్టం నిలిచింది. కానీ ‘ఆడది బలహీనురాలు’ అన్న కారణం మీద నిలిచింది. 1923లో అదే తిరగబడింది: ఓటు హక్కు వచ్చాక ఆడవాళ్లకు ప్రత్యేక రక్షణ ఎందుకంటూ వాళ్ల కనీస వేతన చట్టాన్ని కోర్టు కొట్టేసింది.

ఆ తీర్పును పడగొట్టింది వాషింగ్టన్ రాష్ట్రంలోని వెనాచీలో హోటల్ గదులు శుభ్రం చేసే ఎల్సీ ప్యారిష్. రాష్ట్ర కనీస వేతన చట్టం ప్రకారం వారానికి 48 గంటల పనికి రావలసింది 14.50 డాలర్లు. తక్కువిచ్చారని లెక్కగట్టి, బకాయి 216.19 డాలర్లు ఇవ్వమని దావా వేసింది. 1937 మార్చి 29న 5–4తో గెలిచింది. జడ్జీల సంఖ్య పెంచుతానని అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ బెదిరించడం వల్లే జస్టిస్ రాబర్ట్స్ మనసు మార్చుకున్నాడని చాలామంది అంటారు. కానీ జడ్జీల అంతరంగిక సమావేశంలో ఆయన ఓటు వేసింది 1936 డిసెంబరులో, రూజ్‌వెల్ట్ పథకం బయటికొచ్చింది 1937 ఫిబ్రవరిలో.

ఈ చరిత్ర మన రాజ్యాంగసభను కూడా జాగ్రత్తపడేలా చేసింది. లోక్నర్ తీర్పుకు ఆధారమైన, అమెరికా రాజ్యాంగంలోని ‘డ్యూ ప్రాసెస్’ అన్న మాట పెడితే జడ్జీలు సంక్షేమ చట్టాలకు అడ్డుపడతారని వాదించినవాళ్లలో నెల్లూరు జిల్లా పుదూరులో పుట్టిన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ ఒకరు. చివరికి 21వ అధికరణంలో ఆ మాట లేదు.

1954లో అజ్మీర్ బట్టల మిల్లు కేసు మన సుప్రీంకోర్టుకు వచ్చింది. కనీస వేతనం నెలకు 56 రూపాయలు. మూతపడ్డ మిల్లు తెరిస్తే చాలు, 35కే చేస్తామని కార్మికులే ముందుకొచ్చారని కంపెనీ చెప్పింది. వాళ్లు ఒప్పుకున్నా సరే, కనీస వేతనం ఇవ్వాల్సిందేనంది కోర్టు.