రైఫిల్‌కు కొత్త స్టాక్ బిగిస్తే గురి పెరుగుతుందా?

50 మీటర్ల రైఫిల్ పోటీలో 10వ వలయం వ్యాసం 10.4 మిల్లీమీటర్లు. చొక్కా గుండీ అంత. 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో హైదరాబాద్ షూటర్ గగన్ నారంగ్ ప్రోన్ విభాగంలో రజతం, త్రీ పొజిషన్స్‌లో కాంస్యం గెలిచింది ఈ గుండీని గురిచూసే. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో స్వప్నిల్ కుసాలే 451.4 పాయింట్లతో కాంస్యం అందుకున్నదీ దీని మీదే. ఈ పోటీలో వాడే బుల్లెట్ వ్యాసం సుమారు 5.6 మి.మీ. ప్రతి గుండుకూ బోల్ట్‌ను చేత్తో వెనక్కి లాగి, మళ్లీ ముందుకు తోసి బిగించాలి.

ఈ స్థాయి గురి కోసం చాలామంది మొదట డబ్బు పెట్టేది స్టాక్ మీద. భుజానికి ఆనేది, చెంప ఆన్చేది, బ్యారెల్‌ను మోసేది స్టాకే. ఒకప్పుడు కర్రతోనే చేసేవారు, ఇప్పుడు అల్యూమినియంవీ వస్తున్నాయి. మార్చితే లాభం ఉంటుందా అంటే, కొత్త స్టాక్‌లో ఉక్కు భాగం ఎలా కూర్చుంది అన్నదాన్ని బట్టి ఉంటుంది.

ఒక లెక్క చూద్దాం. 50 మీటర్ల దూరంలో బుల్లెట్ 5 మి.మీ. పక్కకు పోవాలంటే 65 సెంటీమీటర్ల బ్యారెల్ కొస ఎంత కదలాలి? సుమారు 0.07 మి.మీ. అంటే తల వెంట్రుక మందం. దశాంశాల్లో లెక్కించే పోటీలో అంతమాత్రానికే అర పాయింటుకు పైగా పోతుంది.

మందు అంటుకున్నాక బుల్లెట్ బయటపడడానికి రెండు మూడు మిల్లీసెకన్లు పడుతుంది. ఆలోగా బ్యారెల్ కంపించడం మొదలవుతుంది. బల్ల అంచున నొక్కిపెట్టిన స్కేలును మీటితే కొస ఆడినట్టే. కంపనం ఉండడం తప్పు కాదు, ప్రతిసారీ ఒకేలా ఉంటే చాలు. కానీ కర్ర ఒక చోట బ్యారెల్‌కు తగులుతూ, మరోసారి తగలకపోతే స్కేలు మీద వేలు పెట్టి తీసినట్టవుతుంది. అందుకే పోటీ రైఫిళ్లలో సాధారణంగా బ్యారెల్ చుట్టూ సందు వదులుతారు. రైఫిల్ ఖాళీగా ఉందని నిర్ధారించుకున్నాక ఒక కాగితం ముక్కను ఆ సందులో జరిపి చూస్తే చాలు, ఎక్కడ ఆగితే అక్కడ తగులుతోందన్నమాట. అన్ని రైఫిళ్లకూ ఇదే సూత్రం అనుకోవద్దు. పాత .303 లీ-ఎన్‌ఫీల్డ్‌ను బ్యారెల్‌కు కర్ర ఆనేలాగే తయారుచేశారు.

అసలు తంటా స్క్రూల దగ్గర వస్తుంది. ఖుర్సీపార్‌లో దీన్ని వివరించడం తేలిక. భిలాయి ఉక్కు కర్మాగారాన్ని నమ్ముకున్న ఈ బస్తీలో తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి, ఫిట్టర్ పని తెలిసినవాళ్లకు కొదవ లేదు. మోటారును పునాది మీద దించినప్పుడు నాలుగు కాళ్లలో ఒకదాని కింద కాగితమంత సందు మిగిలినా, బోల్టు బిగించగానే చట్రం వంగుతుంది. ఫిట్టర్లు దాన్ని ‘సాఫ్ట్ ఫుట్’ అంటారు. ఫీలర్ గేజ్‌తో కొలిచి, షిమ్ పెట్టి, ఆ తర్వాతే బిగిస్తారు.

రైఫిల్‌లో బోల్ట్ కదిలే ఉక్కు భాగాన్ని యాక్షన్ అంటారు. అది స్టాక్ గాడిలో సమంగా కూర్చోకపోతే స్క్రూలు దాన్ని వంచేస్తాయి. పేలిన ప్రతిసారీ ఆ వంపు కొద్దిగా జారి మరోచోట కుదురుకుంటుంది. పరీక్ష కూడా ఫిట్టర్లదే: డయల్ గేజ్ అమర్చి ఒక స్క్రూ వదులు చేయాలి. సూది స్పష్టంగా జరిగితే ఒత్తిడి ఉన్నట్టే. మందు కూడా వాళ్లదే. ఎపాక్సీతో ఖాళీలు నింపి యాక్షన్‌కు అచ్చంగా సరిపోయే పాన్పు తయారుచేస్తారు. దీన్ని బెడ్డింగ్ అంటారు. ఒక రకంగా ఇది చిన్న గ్రౌటింగే. ఆపై స్క్రూలను టార్క్ రెంచ్‌తో ప్రతిసారీ అంతే బిగువుకు తేవాలి.

కర్రకు తేమతో పేచీ. మే నెల ఎండలో బిగుసుకున్నది జులై వానల్లో ఉబ్బుతుంది. నారకు అడ్డంగా ఉబ్బేది ఎక్కువ, పొడవునా చాలా తక్కువ. అల్యూమినియానికి తేమ పట్టదు, కానీ వేడికి ఉక్కు కంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది.

ఇక శరీరానికి కుదరడం. చెంప ఆనే ఎత్తు, భుజం నుంచి ట్రిగ్గర్ దాకా ఉన్న పొడవు సరిపోకపోతే కన్ను ప్రతిసారీ వేరే చోటికి వస్తుంది. లీ-ఎన్‌ఫీల్డ్‌కు కూడా వేర్వేరు పొడవుల బట్‌లు ఉండేవి. ఎదిగే వయసు పిల్లలకు సర్దుకోగల స్టాక్ వల్ల నిజమైన ప్రయోజనం ఇక్కడే ఉందని నా అభిప్రాయం.

కొనే ముందు పాత స్టాక్‌నే పరీక్షించి, స్క్రూలు సరిచేసి, ఒకే బ్యాచ్ తూటాలతో పదేసి గుండ్లు కొన్నిసార్లు కాల్చి చూడండి. కొత్తది బిగించాక అదే బ్యాచ్‌తో మళ్లీ కాల్చి పోల్చండి. బెడ్డింగ్ మాత్రం లైసెన్సు ఉన్న తుపాకీ మెకానిక్‌కే అప్పగించాలి. ఆయుధాల చట్టం, 1959 ప్రకారం తుపాకుల మరమ్మతు వ్యాపారానికీ లైసెన్సు ఉండాల్సిందే.