దారి లేని ఎకరం

పొలం కొనబోయేవాళ్లు ముందు పాస్‌బుక్ చూస్తారు, తర్వాత ఈసీ తీయిస్తారు. రెండూ సరిగ్గా ఉంటే బయానా ఇచ్చేస్తారు. కానీ అవి భూమి ఎవరిదో, దాని మీద ఏ లావాదేవీలు రిజిస్టరయ్యాయో చెబుతాయి తప్ప, అందులోకి ఎలా వెళ్లాలో, అక్కడ ఏం కట్టుకోవచ్చో చెప్పవు. అమ్మేవాడు చూపించే బండ్లబాట గ్రామ నక్షాలో ఉందా, లేక పక్క రైతు మంచితనం మీద నడుస్తోందా? నక్షాలో లేని బాట, పక్కపొలం చేతులు మారి కొత్తాయన కడీలు పాతి ముళ్లకంచె బిగించిన రోజున మాయమవుతుంది.

చట్టం ఊరుకుంటుందా అంటారు. 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం ఉన్నమాట నిజమే. అయితే అవసరం కొద్దీ దారి అడగాలంటే రెండు పొలాలూ ఒకప్పుడు ఒకే యజమానివై ఉండాలి, వేరే దారి అసలే ఉండకూడదు. వాడుక దారికైతే 20 ఏళ్లు ఆటంకం లేకుండా హక్కుగా నడిచినట్టు రుజువు చేయాలి. బతిమాలి నడిచింది లెక్కలోకి రాదు.

ఇక కట్టడాల సంగతికొస్తే, నాలా మార్పిడి చేయిస్తే సరి అన్నది మధ్యవర్తుల మాట. తెలంగాణలో దానివల్ల సాగుభూమి సాగేతర భూమి అవుతుందే గాని మాస్టర్ ప్లాన్‌లో జోన్ మారదు. హైదరాబాద్ జంట జలాశయాల కోసం 1996లో తెచ్చిన జీవో 111, 84 గ్రామాల్లో నిర్మాణాలను కట్టడి చేసింది. రిజిస్ట్రేషన్లు మాత్రం సాగుతూనే వచ్చాయి.

చౌకగా వస్తోందని తొందరపడకండి. సర్వేయరుతో కొలిపించి, దారి వెళ్లే భూమి యజమాని సంతకంతో ఆ హక్కును రిజిస్టరు చేయించాకే బయానా ఇవ్వండి.