కారును అల్మారాలో పెట్టే యంత్రం

కారున్నవాళ్లు ఏడాది ఖర్చు రాసుకుంటే ముందు పెట్రోలు రాస్తారు. తర్వాత ఇన్సూరెన్సు, సర్వీసింగు, టైర్లు. కాస్త లెక్కగా ఉండేవాళ్లు బ్యాటరీకీ, పొల్యూషన్ సర్టిఫికెట్టుకూ కొంత తీసిపెడతారు. పార్కింగుకు మాత్రం పద్దు ఉండదు. అది చిల్లర ఖర్చుల్లో కొట్టుకుపోతుంది. ఆ చిల్లర అసలు ఎంతో తెలియాలంటే నాంపల్లి మెట్రో స్టేషను దగ్గర లేచిన ఆటోమేటిక్ పార్కింగు భవనాన్ని చూడాలి.

హైదరాబాద్ మెట్రో రైలు సంస్థ ప్రైవేటు భాగస్వామ్యంతో తలపెట్టిన కట్టడం అది. జర్మనీకి చెందిన పాలిస్ పరిజ్ఞానం వాడారు. స్థలం సుమారు అర ఎకరం, అందులో పట్టే కార్లు 250 దాకా. ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెడితేనే యంత్రం గొప్పతనం తెలుస్తుంది. మారుతీ స్విఫ్టు పొడవు 3.86 మీటర్లు, వెడల్పు 1.735. అంటే నేల మీద అది కప్పేది ఏడు చదరపు మీటర్ల లోపే. కానీ తలుపు తెరవాలి, వెనక్కి తిప్పాలి, పక్క కారుకు దారి వదలాలి. అందుకే మన నగర ప్రణాళిక లెక్కల్లో ఆరుబయట ఒక్కో కారుకు 23 చదరపు మీటర్లు, సెల్లారులో అయితే 32 వేసుకుంటారు. ఆ లెక్కన అర ఎకరం మైదానంలో తొంభై కార్లు కూడా పట్టవు. మూడింట రెండొంతుల చోటు కారుకు కాదు, దాన్ని తిప్పే మనిషికి పోతోందన్నమాట.

యంత్రం చేసే పని ఆ మనిషిని బయట నిలబెట్టడమే. డ్రైవరు కారును కింద గదిలో ఆపి, తాళం వేసి, దిగి వెళ్లిపోతాడు. సెన్సర్లు కారు పొడవూ ఎత్తూ కొలుస్తాయి. అవసరమైతే తిరిగే పళ్లెం కారు ముఖం మళ్లిస్తుంది. లిఫ్టు పైకి మోస్తుంది, అక్కడ పట్టాల మీద నడిచే బండి అందుకుని ఖాళీ అరలో దించుతుంది. ఏ కారు ఏ అరలో ఉందో కంప్యూటరు గుర్తుపెట్టుకుంటుంది. తలుపు తెరిచే చోటు అక్కర్లేదు, ర్యాంపు అక్కర్లేదు, మనిషి నిలబడేంత ఎత్తూ అక్కర్లేదు.

ఈ రకం యంత్రాల్లో పాత చిక్కొకటి ఉండేది. కారును ఇనుప పలక మీద ఎక్కించి, పలకతో సహా అరలో పెట్టేవారు. వెంటనే మరో కారు వస్తే, ముందు ఖాళీ పలక ఒకటి కిందికి రావాలి. అంటే కొన్నిసార్లు ఒక్క కారుకు రెండు ప్రయాణాలు. దానికి విరుగుడుగా దువ్వెన పళ్ల లాంటి ఊచలు వచ్చాయి. బండి పళ్లు అర పళ్ల సందుల్లోంచి పైకి లేచి టైర్ల కిందే కారును ఎత్తుకుంటాయి, పలకతో పని లేదు.

ఈ ఆలోచన వయసు దాదాపు కారు వయసే. 1905 ప్రాంతంలో పారిస్‌లోని ర్యూ ద పాంత్యూ వీధిలో కాంక్రీటు గ్యారేజీ ఒకటి వెలిసింది. లిఫ్టు కారును పై అంతస్తుకు చేరిస్తే, అక్కడి పనివాళ్లు వరసలో పెట్టేవారు. 1928లో న్యూయార్కు కెంట్ గ్యారేజీలో విద్యుత్తు బండి కారు వెనక ఇరుసును పట్టి లాక్కెళ్లేది. రెండు కార్ల స్థలంలో ఎనిమిదింటిని పెట్టే నిలువు చక్రం కూడా ఆ కాలపుదే. 1950లలో అమెరికాలో ఇలాంటివి పదుల కొద్దీ వచ్చి, మొరాయించి మూలపడ్డాయి. కారు కోసం జనం చాలాసేపు నిలబడాల్సి వస్తే ఎవరు ఊరుకుంటారు? మళ్లీ ప్రాణం పోసింది జపాన్. కారు పెట్టుకునే చోటు ఉందని రుజువు చూపించనిదే కారు సొంతం చేసుకోనివ్వని చట్టం అక్కడ 1962లో వచ్చింది. పార్కింగు అద్దె ఆ దేశంలో ఇంటి అద్దెలాగే నెలవారీ పద్దు.

మనం కూడా ఆ పద్దు వేసి చూద్దాం. ఎనిమిది లక్షల కారు, ఏడాదికి పది వేల కిలోమీటర్లు. లీటరుకు 18 కిలోమీటర్లు, పెట్రోలు 107 రూపాయలనుకుంటే దాదాపు 59,500. ఇన్సూరెన్సు వాళ్ల తరుగు పట్టిక ప్రకారం అయిదో ఏటికి కారు విలువ సగానికి పడిపోతుంది. అంటే ఏటా సగటున 80,000, పెట్రోలును మించి, ఒక్క బిల్లూ రాకుండానే. వెయ్యి నుంచి 1500 సీసీ లోపు కారుకు 2022 జూన్ నుంచి అమలైన థర్డ్ పార్టీ ప్రీమియం 3,416 రూపాయలు, అదీ జీఎస్టీ కాకుండా. ఇక నాంపల్లి పక్కనున్న ఆబిడ్స్‌లో కొట్టున్నాయన రోజుకు యాభై చొప్పున మూడు వందల రోజులు పార్కింగుకు ఇస్తే 15,000. చిల్లర అనుకున్నది థర్డ్ పార్టీ ప్రీమియానికి నాలుగు రెట్లు దాటింది.

ఇంతా చేసి ఆ కారు తిరిగేదెంత? నగరంలో గంటకు పాతిక కిలోమీటర్ల చొప్పున పది వేలకు నాలుగు వందల గంటలు. ఏడాదికి 8,760 గంటలు. నూటికి తొంభై అయిదు పాళ్లు నిలబడే ఉంటుంది. తరుగూ, ప్రీమియమూ, పాతబడే రబ్బరూ, మెల్లగా దిగిపోయే బ్యాటరీ నిలబడ్డ కారునూ వదలవు. (ఈ విషయంలో మన ఊరి రికార్డు ఆరో నిజాం ఆర్డరిచ్చిన రోల్స్ రాయిస్‌ది. ఆయన చనిపోయాక వచ్చిన ఆ సింహాసనపు కారు తిరిగింది మొత్తం 356 మైళ్లేనంటారు. ఆయనకు బడ్జెట్టు బెంగ లేదు లెండి.)

మళ్లీ యంత్రం సంగతికొస్తే, నా అనుమానమల్లా 1950ల నాటి నిరీక్షణ రోగం గురించే. ఒక్కో కారు దిగడానికి రెండు నిమిషాలు పడుతుందనీ, నాలుగు లిఫ్టులు నడుస్తున్నాయనీ అనుకోండి. సాయంత్రం వంద మంది ఒకేసారి చీటీ చూపిస్తే ఆఖరివాడి కారు వచ్చేసరికి యాభై నిమిషాలు. నాంపల్లిలో ఏటా జరిగే ఎగ్జిబిషన్, నుమాయిష్ రోజుల్లో ఆ ప్రాంతమంతా ఎలా ఉంటుందో చూసినవాళ్లకు ఇది అతిశయోక్తిలా అనిపించదు. పొద్దున పెట్టి రాత్రి తీసుకునే కొట్టువాళ్లకూ, ఆఫీసువాళ్లకూ ఈ యంత్రం బాగా కుదురుతుంది. పావుగంటలో కొన్న చీర మార్చుకుని వెళ్లిపోయేవాళ్లకు కుదరదు. వాళ్లు ఆబిడ్స్ రోడ్డు పక్కనే ఆపుతారు, ఆదివారం అక్కడి ఫుట్‌పాత్ మీద అమ్మే పాత పుస్తకాల కోసం వచ్చేవాళ్లూ అంతే. రోడ్డు ఉచితమో, నామమాత్రమో అయినన్నాళ్లు అరల అద్దె ఎక్కువనే అనిపిస్తుంది. కాబట్టి నాంపల్లిలో ఆ అరలు నిండడం లోపలి లిఫ్టుల వేగం మీద ఎంత ఆధారపడుతుందో, బయట రోడ్డు మీద ఆపితే పడే చలానా మీదా అంతే ఆధారపడుతుంది.